కష్టానికి కారణం వేరు, ఉద్దేశం వేరు: శ్రమల గురించి బైబిలు నిజంగా ఏం చెబుతుంది?

చావు జరిగిన ఇంట్లో, జబ్బు నయం కాదని డాక్టరు తేల్చి చెప్పిన రోజున, ఉద్యోగం పోయి ఇల్లు గడవడం కష్టమైనప్పుడు విశ్వాసుల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "దీని వెనక దేవునికి ఏదో ఉద్దేశం ఉండే ఉంటుంది." చెప్పేవారు ఓదార్పుగానే చెబుతారు. వినేవారికి మాత్రం ఒక్కోసారి అది దెబ్బ మీద దెబ్బ. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ మాట విని, "నా బిడ్డ పోతే తప్ప నెరవేరని ఉద్దేశమా అది?" అని అడిగితే ఏం జవాబు చెబుతాం? "అలా అనకూడదమ్మా" అని ఆమె నోరు మూయించడం తేలికే. కానీ అది అడగదగ్గ ప్రశ్న. బైబిల్లో భక్తులు అంతకంటే గట్టిగా అడిగారు.

శ్రమలో ఉద్దేశం ఉంటుందని క్రైస్తవ విశ్వాసం చెబుతుందన్నది నిజమే. అయితే ఆ ఉద్దేశం, "ఇది నాకే ఎందుకు వచ్చింది?" అన్నదానికి వివరణగా దొరకడం చాలా అరుదు. ఎక్కువసార్లు అది మనం చేయవలసిన పనిగా, మన ఓదార్పు అవసరమైన ఇంకో మనిషిగా, నెమ్మదిగా మారే మన స్వభావంగా కనిపిస్తుంది. కారణాన్నీ ఉద్దేశాన్నీ ఒకటిగా కలిపేయడం వల్లనే సంఘాల్లో ఇంత గందరగోళం పుడుతోందని, అసలే బాధలో ఉన్నవారు ఇంకా నలిగిపోతున్నారని నా అభిప్రాయం.

తప్పెవరిది అనే వెతుకులాట

కష్టం రాగానే మనసు ముందు దోషిని వెతుకుతుంది. పిల్లల్నీ ఆస్తినీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు విషయంలో అతని స్నేహితులు చేసింది అదే. నిజానికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు మొదట్లో ఎంతో మంచి పని చేశారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు యోబుతోపాటు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నోరు విప్పాకే అంతా చెడింది. దేవుడు న్యాయవంతుడు, నీకు కష్టం వచ్చింది, కాబట్టి నువ్వు ఏదో పాపం చేసి ఉంటావు. ఈ ఒక్క వాదాన్నే ముగ్గురూ అధ్యాయాల కొద్దీ తిప్పి తిప్పి చెబుతారు. వినడానికి భక్తిగానే ఉంటుంది, ఇప్పటి ప్రసంగాల్లో వినిపించినా ఎవరూ ఉలిక్కిపడరు.

యోబు గ్రంథం చివర్లో దేవుడు తీర్పు చెబుతాడు, అదీ ఆ స్నేహితుల మీద. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగా పలకలేదు అని ఎలీఫజుతో అంటాడు. యోబు ఏం పలికాడు? పుట్టిన రోజును శపించుకున్నాడు. దేవుడు తనకు అన్యాయం చేశాడన్నాడు, ఎదురుగా నిలబడి వాదించుకునే అవకాశం ఇమ్మన్నాడు. దేవుని పక్షాన వకాల్తా పుచ్చుకున్నవారికి చీవాట్లు పడ్డాయి, దేవునితోనే పోట్లాడినవాడి పక్షాన దేవుడు నిలిచాడు.

ఇంకో సంగతి. మొదటి రెండు అధ్యాయాల్లో పరలోకంలో ఏం జరిగిందో, అంటే సాతాను దేవుని ఎదుట యోబు భక్తిని శంకించిన సంగతి, చదివే మనకు తెలుసు, యోబుకు తెలియదు. 38వ అధ్యాయం నుంచి దేవుడు స్వయంగా మాట్లాడతాడు, అయినా ఆ సంగతి చెప్పడు. భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు, సముద్రాన్ని ఎవరు మూశారు అని ప్రశ్నలే వేస్తాడు. యోబు పోగొట్టుకున్న ఆస్తి అతనికి మళ్ళీ దొరికింది, కారణం మాత్రం చివరిదాకా దొరకలేదు.

యేసు కూడా ఈ దారినే వెళ్ళాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. ఆయన ఆ సంగతి తనే ఎత్తి, యెరూషలేములో ఉన్న మిగతావారందరికంటే వాళ్ళు ఎక్కువ అపరాధులనుకుంటున్నారా అని అడిగాడు, కారని తనే జవాబిచ్చాడు. అయితే అక్కడితో ఆగలేదు, మీరు మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారన్నాడు. చనిపోయినవారి లెక్కలు తీస్తున్న జనాన్ని తమ బతుకులవైపు తిప్పాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది వీడా, వీడి కన్నవాళ్ళా అని శిష్యులు అడిగినప్పుడు కూడా ఇద్దరూ కాదన్నాడు. దేవుని క్రియలు వీనియందు ప్రత్యక్షపరచబడుటకే అన్నాడు. ఈ మాటను పట్టుకుని, మహిమను చూపించుకోవడానికి దేవుడు ఒక పసివాడి చూపు తీశాడని చెప్పేవారున్నారు. ఆ వెంటనే యేసు ఏమన్నాడో చూస్తే ధోరణి వేరుగా కనిపిస్తుంది. పగలున్నంత వరకు నన్ను పంపినవాని పనులు మనం చేస్తూ ఉండాలి అన్నాడు, నేల మీద ఉమ్మి, బురద చేసి అతని కళ్ళకు పూశాడు. శిష్యులు అతని గతం గురించి వాదిస్తుంటే, ఆయన అతని కోసం ఇప్పుడేం చేయాలో చూశాడు.

ఇంత స్పష్టంగా ఉన్నా చరిత్రలో ఈ పొరపాటు ఆగలేదు. 1755 నవంబరు 1న, సర్వపరిశుద్ధుల పండుగ రోజు, జనం చర్చిల్లో ఉన్న వేళ లిస్బన్‌లో భూకంపం వచ్చింది. ఆ తర్వాత సునామీ, మంటలు. వేలమంది పోయారు. ఇది దేవుని తీర్పేనని చెప్పిన బోధకులు క్యాథలిక్కుల్లోనూ ఉన్నారు, ప్రొటెస్టంట్లలోనూ ఉన్నారు. ఎవరి కారణాలు వారివి. సిలోయము గోపురం గురించి యేసు చెప్పిన మాట ఇద్దరి దగ్గరా ఉంది.

దేవుడు చేయించాడా, జరగనిచ్చాడా?

ఇక్కడ క్రైస్తవుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి, వాటిని దాచడం మంచిది కాదు. రెండో శతాబ్దంలో సంఘ బోధకుడు ఇరేనియస్ మనిషిని పరిపూర్ణతవైపు ఎదుగుతున్న పసివాడిలా చూశాడు. ఆ ఎదుగుదలలో కష్టానికి కూడా చోటుంది. ఆ తర్వాతి కాలపు అగస్టీన్ (354–430) చెడుకు సొంత ఉనికి లేదన్నాడు, అది మంచి కొరవడిన స్థితి అన్నాడు, కాబట్టి దేవుడు దాన్ని సృష్టించలేదన్నాడు. 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ సంప్రదాయంవారు దేవుని సంకల్పానికి బయట ఏదీ జరగదంటారు. మనిషికిచ్చిన స్వేచ్ఛను గౌరవించి దేవుడు కొన్నిటిని జరగనిస్తాడని, అవి ఆయన కోరుకున్నవి కావని మరికొందరంటారు.

ఈ చర్చ ఇప్పట్లో తేలేది కాదు. అయితే సిలువ గురించి పేతురు పెంతెకొస్తు రోజున చెప్పిన మాటలో రెండు వైపులూ ఒకే వాక్యంలో ఉన్నాయి: యేసు దేవుని నిశ్చిత సంకల్పం ప్రకారమే అప్పగించబడ్డాడు, ఆయన్ని చంపింది మాత్రం దుష్టుల చేతులు. దేవుడు దాన్ని మేలుకు వాడుకున్నాడు కదా అని ఆ దుష్టత్వం మంచిపనైపోలేదు. బాధితులతో మాట్లాడేటప్పుడు ఈ తేడా మరచిపోతే మనం తెలియకుండానే నేరస్తుల పక్షం వహించినవాళ్ళమవుతాం.

అన్నలే బానిసగా అమ్మేసిన యోసేపు కథలోనూ ఇంతే. "మీరు నాకు కీడుచేయ నుద్దేశించితిరి" అని అన్నల ముఖం మీదే అన్నాడు. ఆ తర్వాతే, బహు ప్రజలను బతికించడానికి దేవుడు దాన్ని మేలుకే ఉద్దేశించాడన్నాడు. అన్నలు చేసింది కీడే. ఇక కాలం లెక్క చూడండి. అమ్ముడుపోయేనాటికి యోసేపుకు 17 ఏళ్ళు, ఫరో ఎదుట నిలిచేనాటికి 30. ఈ మాట అన్నది తండ్రి చనిపోయాక, అంటే ఆదికాండములోని లెక్కల ప్రకారం దాదాపు 40 ఏళ్ళ తర్వాత. దాన్ని గుంటలో పడి ఉన్న పదిహేడేళ్ళ కుర్రాడికి ఎవరూ పైనుంచి వినిపించలేదు. తన బతుకు గురించి తనే, ఎన్నోసార్లు ఏడ్చిన తర్వాత చెప్పుకున్నాడు. సంఘంలో ఎవరి శ్రమకైనా అర్థం చెప్పే హక్కు ముందుగా ఆ శ్రమ పడ్డవారిదే. ఇంట్లో ఇంకా ఏడుపు ఆగకముందే పక్కవాళ్ళు ఆ పని తీసుకుంటే అది కరుణ కాదు.

"సమస్తమును సమకూడి"

శ్రమల్లో ఉన్నవారికి ఎక్కువగా వినిపించే వాక్యం రోమా 8:28. దేవుణ్ణి ప్రేమించేవారికి "మేలుకలుగుటకై సమస్తమును సమకూడి జరుగుచున్నవి". దీన్ని చాలామంది "జరిగేదంతా మంచికే" అని అర్థం చేసుకుంటారు. పౌలు అలా అనలేదు. జరిగిన ప్రతిదీ మంచిదని చెప్పడం వేరు, చెడ్డవాటితో సహా అన్నిటినీ దేవుడు మేలువైపు నడిపిస్తాడని చెప్పడం వేరు. మరణాన్ని పౌలు కొరింథీయులకు రాస్తూ కడపటి శత్రువు అన్నాడు.

ఆ మేలు ఏమిటో కూడా తరువాతి వచనంలోనే ఉంది: తన కుమారుని సారూప్యంలోకి మారడం. పోయిన ఉద్యోగానికి బదులు ఇంకా మంచి ఉద్యోగం అని పౌలు రాయలేదు. ఈ వాక్యానికి ముందు సృష్టి అంతా ప్రసవవేదనతో మూలుగుతోందంటాడు, మనం కూడా మూలుగుతున్నామంటాడు, ఎలా ప్రార్థించాలో తెలియని మన తరఫున ఆత్మ కూడా మూలుగుతున్నాడంటాడు. తర్వాత శ్రమ, హింస, కరవు, ఖడ్గం అంటూ జాబితా రాస్తాడు. అవి క్రీస్తు ప్రేమనుంచి మనల్ని విడదీయలేవంటాడు. అవి మన జోలికి రావని మాత్రం అనడు. మూలుగుకూ ఖడ్గానికీ మధ్యలో ఉన్న వాక్యాన్ని ఒక్కదాన్నే తీసి ఫ్రేమ్ కట్టి గోడకు తగిలిస్తే అందులోని బరువంతా పోతుంది.

యిర్మీయా 29:11 పరిస్థితీ ఇదే. మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గాని హానికరమైనవి కావు అన్న ఆ వాగ్దానం, బబులోనుకు చెరపట్టబడి పోయినవారికి రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనం, 70 సంవత్సరాలు గడిచాక మిమ్మల్ని తిరిగి రప్పిస్తానంటుంది. అంటే ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది ఆ రోజు చూడరు. మరి వాళ్ళు ఈలోగా ఏం చేయాలి? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అన్నాడు. చెరలో ఉన్నవారికి దేవుడు ఇచ్చిన ఉద్దేశం ఇంత మామూలుగా, రోజువారీ పనిలా ఉంది.

ఉద్దేశం పనిగా మారినప్పుడు

పౌలు రెండో కొరింథీ పత్రిక మొదట్లో ఒక విషయం దాచకుండా రాశాడు. ఆసియలో తమకు వచ్చిన శ్రమ శక్తికి మించిపోయిందని, బతుకుతామన్న ఆశే లేకపోయిందని. అదే అధ్యాయంలో, దేవుడు మాకిచ్చే ఓదార్పుతో ఎలాంటి శ్రమలో ఉన్నవారినైనా ఓదార్చగలిగేలా ఆయన మమ్మల్ని ఓదారుస్తున్నాడంటాడు. క్రైస్తవ ఉద్దేశం గురించి ఇంతకంటే ఆచరణలో పనికొచ్చే వాక్యం నాకు తెలియదు. క్యాన్సర్ చికిత్స పూర్తిచేసుకున్న ఒకామె, కీమో మొదలుపెట్టబోతున్న ఇంకొకామె పక్కన కూర్చుంటే, ఆమె నోట వచ్చే నాలుగు మాటలకు ఏ ప్రసంగమూ సాటిరాదు. ఆమెకు క్యాన్సర్ అందుకోసమే వచ్చిందని ఎవరూ చెప్పలేరు, చెప్పనక్కర్లేదు కూడా. వచ్చినదాన్ని ఆమె వృథా పోనివ్వలేదు.

కారణం, ఉద్దేశం వేరని నాకు బాగా చూపించేది ఐడా స్కడర్ జీవితం. ఆమె 1870లో అమెరికన్ మిషనరీ కుటుంబంలో పుట్టింది. మిషనరీ కావాలన్న కోరిక ఆమెకు లేదు. చదువు ముగించుకుని తల్లిదండ్రుల దగ్గరికి తమిళనాడులోని తిండివనం వచ్చినప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు భర్తలు విడివిడిగా వచ్చి ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలకు సాయం చేయమని ఆమెను అడిగారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన తండ్రిని తీసుకెళ్ళమంటే, పరాయి మగవాడు తమ ఆడవాళ్ళను చూడడానికి వాళ్ళు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆ తర్వాత ఆమె అమెరికా వెళ్ళి వైద్యం చదివింది, 1899లో పట్టా పుచ్చుకుంది. 1900లో వేలూరులో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచింది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ అలా ఎదిగిందే.

ఆసుపత్రి కట్టించడానికి దేవుడు ఆ ముగ్గురు తల్లుల్ని చంపాడా? అలా అనుకుంటే మనం కొలిచేది సువార్తల్లో కనిపించే దేవుణ్ణి కాదు. వాళ్ళు చనిపోయింది వైద్యం అందక, స్త్రీ వైద్యులు లేక, ఆచారం అడ్డుపడి. ఆ చావుల్లో ఒక అమ్మాయి పిలుపు విన్నది, ఆ పిలుపులో ఉంది ఉద్దేశం. అది ఎవరి చావుకూ సంజాయిషీ ఇవ్వలేదు, అలాంటి చావులు తగ్గించే పని చేసింది.

అందరి శ్రమా ఆసుపత్రులు కట్టదు. రోమా 5లో పౌలు శ్రమ ఓర్పును, ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను కలుగజేస్తుందంటాడు. ఇది యంత్రంలా దానంతటదే జరిగేది కాదు. శ్రమ చాలామందిని చేదుగా మారుస్తుంది, కొందరిని విరిచేస్తుంది. ఓర్పు పుట్టేది శ్రమకున్న శక్తివల్ల కాదు. దేవుని ప్రేమ మన హృదయాల్లో కుమ్మరింపబడింది కాబట్టే ఆ నిరీక్షణ మనల్ని సిగ్గుపరచదని పౌలు అక్కడే చెబుతాడు. ఆ ప్రేమ చాలాసార్లు మనుషుల చేతుల మీదుగానే చేరుతుంది. కాబట్టి ఒంటరిగా వదిలేసిన మనిషిని "శ్రమ నిన్ను బలపరుస్తుందిలే" అనడం ఆ అధ్యాయాన్ని సగమే చదవడం.

ప్రతి కష్టమూ మోయవలసిన సిలువ కాదు

ఈ సంగతి గట్టిగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఇక్కడ జరిగే తప్పుకు ప్రాణాలు పోతాయి. భర్త కొడుతుంటే "అది నీ సిలువ, మోయమ్మా" అని సలహా ఇచ్చేవారు ఇంకా ఉన్నారు. యేసు తన ప్రాణాన్ని ఎవరూ తీయలేదని, తనంతట తానే పెడుతున్నానని చెప్పాడు. అంతకుముందు నజరేతులో కొండ అంచునుంచి తోసేయబోతే వాళ్ళ మధ్యనుంచి తప్పుకుని వెళ్ళిపోయాడు. దేవాలయంలో రాళ్ళెత్తితే దాగి బయటికి నడిచాడు. పౌలు దమస్కులో రాత్రిపూట గంపలో కూర్చుని గోడ మీదుగా దిగి తప్పించుకున్నాడు. యెరూషలేములో కొరడాలతో కొట్టబోతుంటే తాను రోమా పౌరుణ్ణని చట్టాన్ని గుర్తుచేశాడు. సిలువ మోయమన్న ప్రభువే, ఆయన అపొస్తలుడే, తప్పించుకోవలసిన చోట తప్పించుకున్నారు. హింసనుంచి బయటపడడం, పోలీసుల సాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు.

డిప్రెషన్ విషయంలోనూ అంతే. కర్మెలు కొండ మీద అంత గొప్ప విజయం చూసిన ఏలీయా ఆ వెంటనే అరణ్యంలో ఒక చెట్టు కింద కూర్చుని, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడిగాడు. దేవదూత అతనికి బోధ చేయలేదు, విశ్వాసం తగ్గిందని గద్దించలేదు. రొట్టె, నీళ్ళు పెట్టి లేపాడు. తిని మళ్ళీ పడుకోనిచ్చాడు. మళ్ళీ లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. కొత్త పని అప్పగించడం ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. మనిషికి ముందు నిద్ర, తిండి, అవసరమైతే మందులు కావాలి, ఉద్దేశం గురించి ఆ తర్వాత మాట్లాడవచ్చు. పౌలు కూడా వైద్యుడైన లూకాను వెంటబెట్టుకుని తిరిగినవాడే.

ఏ ఉద్దేశమూ కనిపించకపోతే?

సాక్ష్యాల్లో మనం ఎక్కువగా వినేది గెలిచినవారి కథలు. బైబిలు మాత్రం రెండో రకం కథల్ని కూడా దాచకుండా రాసుకుంది. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం చూడండి. హేరోదు అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే హేరోదు పేతురును చెరసాలలో వేశాడు, దూత వచ్చి పేతురును విడిపించాడు. ఒకరికి కత్తి, ఇంకొకరికి తెరుచుకున్న తలుపు. ఎందుకలా అని ఒక్క మాట కూడా లేదు. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగుస్తుంది, చివర్లో ఒక స్తుతి వాక్యం కూడా అతికించలేదు. అయినా ఆ కీర్తనను ఆరాధన గ్రంథంలోంచి ఎవరూ తీసేయలేదు. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు ఇలాంటి విలాపాలే. దేవునికి మొరపెట్టుకోవడం, ఆయన్ని నిలదీయడం విశ్వాసంలో భాగమని దీన్నిబట్టి నేను అర్థం చేసుకుంటాను. సిలువ మీద యేసు కూడా "నా దేవా, నా దేవా" అని 22వ కీర్తనలోని ప్రశ్ననే అడిగాడు, ఆ క్షణాన పైనుంచి ఏ జవాబూ వినిపించలేదు.

బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలోంచి శిష్యుల్ని పంపి, రాబోయేవాడివి నువ్వేనా, ఇంకొకరి కోసం కనిపెట్టాలా అని యేసును అడిగించాడు. యేసు యెషయా గ్రంథంలోని మాటల్ని గుర్తుచేసే జవాబిచ్చాడు: గుడ్డివారు చూస్తున్నారు, కుంటివారు నడుస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది. యెషయా 61లో ఇవే మాటల దగ్గర చెరలో ఉన్నవారికి విడుదల అనే మాట కూడా ఉంది. యేసు ఆ ఒక్కటి చెప్పలేదు. లేఖనాలు తెలిసిన యోహానుకు ఆ ఖాళీ అర్థమై ఉంటుంది. అయితే అతని శిష్యులు వెనుదిరగగానే యేసు జనం ముందు, స్త్రీలు కన్నవారిలో యోహానుకంటే గొప్పవాడు పుట్టలేదన్నాడు. ఆ పొగడ్త అందుకున్నది నమ్మకం తొణికిన మనిషి, అదీ అతను ఆ ప్రశ్న అడిగిన రోజునే.

తర్వాత యోహాను తల తీయించారు. ఆ వార్త విని యేసు దోనె ఎక్కి ఒంటరిగా అరణ్య ప్రదేశానికి వెళ్ళాడు. యోహాను చావుకు అర్థం ఇదీ అని ఆయన ఏమీ చెప్పినట్టు మత్తయి రాయలేదు. జనం కాలినడకన వెంటపడి వచ్చారు. ఆయన వాళ్ళను చూసి కనికరపడ్డాడు, రోగుల్ని బాగుచేశాడు. పొద్దుపోయాక శిష్యులు జనాన్ని పంపేయమంటే, మీరే వాళ్ళకు భోజనం పెట్టండి అన్నాడు.